మూడు రహస్య సంభాషణలు

"మీ ఆయన ఫోను బోర్లా పెడుతున్నాడా?" అని అడిగింది ఫోనులో ఉన్న ఆవిడ.

ఎనైదా చేతులు మణికట్ల దాకా మొక్కజొన్న పిండిలో ఉన్నాయి. ఫోను నూనె సీసాకి ఆనించి ఉంది. ఆ ఆవిడ చాలా నెమ్మదిగా, జ్వరం వచ్చిన పిల్లతో మాట్లాడినట్టు మాట్లాడుతోంది. వెనకాల తెల్లటి కర్టెను, పక్కన పూలకుండీ. ఫోను బోర్లా పెడితే మొదటి గుర్తట. ఇంటికి రాగానే స్నానానికి పరిగెడితే రెండో గుర్తు. ఒకే పేరు మాటిమాటికీ నోట్లో నలుగుతుంటే మూడోది. గుర్తులన్నీ అయిపోయాక వీడియో మళ్ళీ మొదటికొచ్చింది. "మీ ఆయన ఫోను బోర్లా పెడుతున్నాడా?"

దాన్ని మార్చాలంటే చేతులు కడుక్కోవాలి. కడుక్కుని వచ్చేలోపు పిండి పైన ఆరిపోతుంది. రెబోలో పేటలో ఎనైదా బోయోలంటే పేరుంది. పిండిని పొత్తుల ఆకుల్లో చుట్టి, దారంతో బిగించి ఉడకబెడితే, విప్పినప్పుడు ఆకుకి అంటుకోకుండా జారి పళ్ళెంలో పడాలి. అలా పడాలంటే పిసకడం మధ్యలో ఆపకూడదు. అందుకని ఆవిడ అడుగుతూనే ఉంది, ఎనైదా వింటూనే ఉంది. ఈ ఆవిడ కాకపోతే ఇంకో ఆవిడ. కొన్ని వారాలుగా పొద్దుటి పూట ఇదే వరస.

విల్ఫ్రీదో చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ వంటింట్లోకి వచ్చాడు. ఫ్రిజ్‌లూ ఏసీలూ బాగుచేసే మనిషి. చేతి సంచీలోంచి రాగి గొట్టం ఒకటి ఎప్పుడూ బయటికి పొడుచుకుని ఉంటుంది.

"ఏం ముసలీ, కాఫీ ఉందా?"

"పొయ్యి మీదుంది. పోసుకో."

నిలబడే తాగాడు. తాగుతూ జేబులోంచి ఫోను తీసి బల్ల మీద పెట్టాడు. బోర్లా.

ఎనైదా పిండి మీంచి చూపు తిప్పలేదు. తిప్పకుండానే చూసింది. ఇదివరకూ ఇలాగే పెట్టేవాడా? గుర్తు తెచ్చుకోబోయింది, రాలేదు. కట్టుకున్నవాడు ఫోను ఎలా పెడతాడో ఎవరు కనిపెట్టుకుని చూస్తారు?

"ఇవాళెక్కడ?" అంది.

"రెక్రెయో పేటలో. లూదిస్ గారి ఫ్రీజరు."

"మళ్ళీనా?"

"గ్యాసు ఎక్కడో పోతోంది. ఎక్కిస్తే పోతోంది, ఎక్కిస్తే పోతోంది. చిల్లు చిక్కట్లేదు."

"పోయిన వారమూ అదే చెప్పావు."

"పోయిన వారమూ పోయింది మరి." నవ్వాడు. ఆమె మొహం చూసి నవ్వు ఆపేశాడు. ఫోను వైపు గడ్డం ఎగరేసి, "ఎవరా ఏడుపుగొట్టు మనిషి?" అన్నాడు.

"ఏదో. దాని గోల అది."

అతను గ్లాసు కడిగి బోర్లించి, ఫోను జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. మోటారుసైకిలు చప్పుడు సందు చివర మలుపు తిరిగేదాకా ఎనైదా పిసకడం ఆపి వింది. తర్వాత చూసుకుంటే పిండి ఆరిపోయింది.

ఆ ఒక్క వీడియో అయితే మర్చిపోయేదేమో. దాని వెనకే ఇంకొకళ్ళు వచ్చారు. టై కట్టుకున్న లాయరు వేలు చూపిస్తూ, ఇల్లు ఎవరి పేరున ఉందో ఇవాళే చూసుకోమన్నాడు. రెండు కొవ్వొత్తులకి ఎర్ర రిబ్బను చుట్టి, జారిపోయిన మగాణ్ణి వెనక్కి రప్పిస్తానంది ఒక ముసలమ్మ. పొట్ట తగ్గించే తేయాకు అమ్మేది ఒకతె, "వాడు పక్కచూపులు చూస్తున్నాడంటే తప్పు వాడొక్కడిదేనా?" అని కన్ను గీటింది. ఎనైదా ఆ రోజు కూరలకి వెళ్ళినప్పుడు కొట్టు అద్దంలో తన నడుము పక్కకి తిరిగి చూసుకుంది. చూసుకున్నందుకు ఒళ్ళు మండింది.

గురువారం నాడు కన్ను వచ్చింది. నీలం రంగు కన్ను బొమ్మ, దాని కింద పేరు, 'నమ్మిన కన్ను'. మీ ఆయన ఫోనులో పెడితే చాలు, వాడికి తెలియనే తెలియదు, రెండు నిమిషాల పని, ఏమీ లేకపోతే మీ మనసే కుదుటపడుతుంది అని రాసి ఉంది. ఆ చివరి మాట దగ్గర ఆమె ఆగింది. మనసు కుదుటపడడం తప్పెలా అవుతుంది?

విల్ఫ్రీదో పని నుంచి రాగానే స్నానానికి వెళ్ళాడు. లోపల బొచ్చెతో నీళ్ళు గుమ్మరించుకుంటున్న చప్పుడు వింటూ ఎనైదా అతని ఫోను తీసింది. దాన్ని తెరిచే గీత ఆమెకి తెలుసు, పై నుంచి కిందికి, అక్కడ్నుంచి పక్కకి. కొన్ననాడు అతనే చూపించాడు. దాచుకునేది ఏదైనా ఉంటే ఆ గీత ఈపాటికి మార్చేసేవాడే. ఆ సంగతి ఆమెకి తట్టలేదు. ఆమె చెవి నీళ్ళ చప్పుడు మీదే ఉంది. నీళ్ళు ఆగేసరికి ఫోను బల్ల మీద, పెట్టిన చోటే, పెట్టినట్టే బోర్లా ఉంది.

తన ఫోనులో గుండ్రం ఒకటి చాలాసేపు తిరిగింది. "వెతుకుతున్నాం" అంది. తర్వాత తెర ఎర్రబడి, "మూడు రహస్య సంభాషణలు దొరికాయి" అంది. కింద మూడు మొహాలు. ఆవిరి పట్టిన అద్దంలోంచి చూసినట్టు అలికేసి ఉన్నాయి. ఒకదానికి పొడుగు జుట్టులా ఉంది. ఒకదానికి ఎర్రటిదేదో, పెదవులో, రవికో. చూడాలంటే కట్టండి అంది. ఎనైదా సందు చివర రీఛార్జి కొట్టుకి వెళ్ళి కట్టించింది. దేనికని కొట్టువాడు అడగలేదు గానీ, అడుగుతాడేమోనని దారంతా జవాబు తయారుచేసుకుంది. కట్టాక మొహాలు అలాగే ఉన్నాయి. ఇప్పుడు కట్టింది అతను ఎక్కడున్నాడో చూడ్డానికి మాత్రమేనట. మాటలు కూడా కావాలంటే అది వేరేనట.

అన్నం తింటున్నంతసేపూ ఆమె విల్ఫ్రీదోని చూస్తూనే ఉంది. అతను చేప ముల్లు తీసి పళ్ళెం అంచున పెడుతున్నాడు.

"ఏంటలా చూస్తావ్?"

"ఏం లేదు. తిను."

అతను మిగతా ముళ్ళు తలెత్తకుండా తీసుకున్నాడు.

శుక్రవారం పొద్దున, "సొలెదాద్ వెళ్తున్నా. బేకరీలో ఏసీ ఆగిపోయిందట," అని వెళ్ళాడు విల్ఫ్రీదో. చెప్పేటప్పుడు ఆమె వైపు చూడలేదు, సంచీ జిప్పుతో తంటాలు పడుతూ చెప్పాడు.

మొదటి వాయి బోయోలు కుండలో ఉడుకుతుండగా ఫోను గుర్రుమంది. పటం మీద ఎర్ర చుక్క. సొలెదాద్‌లో కాదు, రెక్రెయోలో. "అనుమానించదగ్గ చోటు. గంటకి పైగా కదల్లేదు." ఆ అక్షరాలు ఆరుతూ వెలుగుతున్నాయి.

ఎనైదా పొయ్యి ఆర్పింది. ఏప్రను విప్పడం మర్చిపోయి బైకు టాక్సీ ఎక్కింది. దారిలో గాలికి మొహం మండిపోతోంది. ఏమనాలో ఒక్కొక్క మాటే అనుకుంటూ పోయింది. మాటలు వెతుక్కోనక్కర్లేకుండా వరసగా వస్తున్నాయి.

ఆ ఇల్లు తేలిగ్గానే దొరికింది. గోడ మీద 'ఐసు అమ్మబడును' అని చేత్తో రాసిన అట్ట ఉంది. ఇనప కమ్మీల గేటు అవతలికి లూదిస్ వచ్చింది. యాభై దాటిన పొట్టి మనిషి, ఒక మోకాలికి కట్టు. తలకి తువ్వాలు చుట్టుకుని ఉంది. ఎనైదాకి ఆ తువ్వాలు చాలింది.

"మా ఆయనేడీ?"

"మీ ఆయనెవరమ్మా?"

"నాటకాలొద్దు. విల్ఫ్రీదో."

"ఓ, మేస్త్రీ గారా! వంటింట్లో ఉన్నారు. లోపలికి రండి, గేటు తీస్తా."

"వంటింట్లోనా, పడగ్గదిలోనా?"

ఎదురింటి వసారాలో ఊగుతున్న కుర్చీలు రెండూ ఆగిపోయాయి. లూదిస్ తాళంచెవి పట్టుకున్న చేయి గేటు మీదే నిలిచిపోయింది. ఆ మాట తనతో అన్నదేనా అన్నట్టు ఒకసారి వెనక్కి చూసుకుంది.

"అమ్మా, పడగ్గదిలో నా ఫ్రీజరు పట్టదు," అంది.

వసారాలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు ఎనైదాకి నషాళానికి అంటింది. ఇక నోరు ఆగలేదు. ఫోను బోర్లా పెట్టడం, రాగానే స్నానానికి వెళ్ళడం, ఎప్పుడు చూసినా ఒకే పేరు ఎత్తడం, ఏదడిగినా పొడిగా జవాబు చెప్పడం, అన్నీ అరిచి చెప్పింది. ఆ అరుపులకి విల్ఫ్రీదో బయటికి వచ్చాడు. చేతిలో సబ్బునీళ్ళలో ముంచిన బ్రష్షు. గొట్టానికి నురగ పూసి, బుడగ ఎక్కడ లేస్తుందా అని చూస్తూ ఉన్నట్టున్నాడు. మోచేతి నుంచి నురగ కారి గచ్చు మీద పడుతోంది.

"ఎనైదా?"

ముసలీ అనలేదు. ఆమె చెప్పిందే మళ్ళీ చెప్పింది, మొదటి నుంచీ. అతను చివరిదాకా విన్నాడు.

"ఈ మాటలు నీవి కావు," అన్నాడు. "నువ్విలా మాట్లాడవు. నువ్వు తిడితే ఇంకోలా తిడతావు."

"సొలెదాద్ వెళ్తున్నా అన్నావు! అది నా మాట కాదులే, నీ మాటే!"

అతని మొహం పాలిపోయింది. అది చూసి ఆమెకి లోపల ఏదో గెలిచినట్టయింది. అంతలోనే అతను అడిగాడు.

"నేనిక్కడున్నానని నీకెవరు చెప్పారు?"

ఆమె అతని భుజం మీంచి లోపలికి చూసింది. తెరిచిన తలుపులోంచి వంటిల్లు కనబడుతోంది. ఫ్రీజరుని గోడ దగ్గర్నుంచి ఇవతలికి లాగి, వెనక రేకు విప్పేశారు. పక్కన తొట్టెలో ప్యాకెట్ ఐసులు కరుగుతున్నాయి. చింతపండు రంగు, పాల రంగు, ఎర్ర రంగు నీళ్ళు కలిసి గచ్చు మీద కాలవ కట్టి గడప దాకా వచ్చాయి.

లూదిస్ తలకున్న తువ్వాలు విప్పి మెడ మీద వేసుకుంది. జుట్టుకి రంగు వేసుకుని ఉంది, సగం నలుపు, సగం తెలుపు.

"మేస్త్రీ గారూ, సామాను సర్దుకోండి."

"విప్పి పడేశానమ్మా. ఇప్పుడు వదిలేస్తే ఐసంతా కరిగిపోతుంది."

"కరగనీండి. ఒంటి ఆడదాన్ని, ఈ వీధిలోనే బతకాలి. రేపట్నుంచి పిల్లలు ఐసు కోసం రారు, వాళ్ళమ్మలు కథ కోసం వస్తారు." ఎనైదా వైపు తిరగకుండా, "పదండమ్మా, మీరు కూడా. ఎండగా ఉంది," అంది.

విల్ఫ్రీదో మోటారుసైకిలు మీద వెళ్ళిపోయాడు. ఎక్కమని అనలేదు. ఎనైదా నడిచే వచ్చింది. కుండలో బోయోలు సగం ఉడికి ఆగిపోయి, ఆకులకి అంటుకుపోయాయి.

శనివారం పొద్దున విల్ఫ్రీదో కాఫీ తాగకుండానే వెళ్ళాడు. ఎక్కడికో చెప్పలేదు. ముందు రోజు రాత్రంతా వసారాలో ఉయ్యాల మంచంలోనే పడుకున్నాడు. ఫోను చేతిలోనే పెట్టుకుని దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తూ ఉన్నాడు. ఇదివరకు వేడెక్కేది కాదు, ఇప్పుడెందుకు వేడెక్కుతోంది అని తనలో తను గొణుక్కోవడం ఆమెకి వినబడింది.

శనివారాలు తొమాసా వస్తుంది, ఆకులు చుట్టడానికి. ఎనైదా కూతురికి చిన్నప్పుడు జ్ఞానస్నానంలో జ్ఞానతల్లిగా నిలబడింది తొమాసానే. అప్పట్నుంచీ ఇద్దరూ ఒకరినొకరు కొమాద్రే అనే పిలుచుకుంటారు. తొమాసా మొగుడు యుసేబియో పోయి నాలుగేళ్ళయింది. మనిషి లావు, నోరు పెద్దది. గడప దాటుతూనే మొదలుపెట్టింది.

"ఏమే కొమాద్రే, రెక్రెయో దాకా పోయి కచేరీ పెట్టొచ్చావట? నన్ను తీసుకుపోతే తాళం వేసేదాన్నిగా!"

"నవ్వకు. వాడు అబద్ధం చెప్పాడు."

"చెప్తారు. మావాడు తిన్న వేపుడు కూడా తినలేదనేవాడు." తొమాసా ముక్కాలి పీట లాక్కుని కూర్చుని, నానిన ఆకు తీసి ఒళ్ళో పరిచింది. ఎనైదా అందించిన ముద్దని ఆకులో పెట్టి, రెండు వైపులా మడిచి, దారం పంటితో పట్టి దాని నడుము దగ్గర బిగించింది. "ఇంతకీ వాడక్కడున్నాడని నీకెలా తెలిసింది?"

ఎనైదా చేతులు కడుక్కుంది. ఫోను తెచ్చి చూపించింది.

తొమాసా చుట్టడం ఆపేసింది. నీలం కన్ను వైపు చూస్తూ, "మూడు రహస్య సంభాషణలు," అంది. ఎనైదా ఇంకా ఆ పేజీ తెరవనేలేదు.

"నీకెలా తెలుసు?"

"నాకూ వచ్చింది ఈ కన్ను. మీ ఆయన ఎక్కడున్నాడో తెలుసా, తెలుసా అని చంపుకుతింటుంటే, ఒకరోజు నవ్వులాటకి యుసేబియో నంబరు కొట్టాను." అని పెద్దగా నవ్వింది. పీట కిర్రుమంది. "వాడి సమాధి మీద సిమెంటు నేనే దగ్గరుండి వేయించాను గదా. వాడికీ మూడే! మూడు రహస్య సంభాషణలు! ఇంకా ఏమందో తెలుసా, 'ఇవాళే ఫోను వాడారు' అంది."

ఎనైదాకి కూడా నవ్వొచ్చింది. నవ్వడం మొదలుపెట్టి తొమాసా మొహం చూసి ఆగిపోయింది. తొమాసా కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. అవి నవ్వు నీళ్ళు కావు.

"నవ్వులాటకి అన్నాను గదా. నవ్వులాటకి కాదు కొమాద్రే. ఊరికే, ఆ నంబరు ఒకసారి ఎక్కడైనా కొట్టాలనిపించింది. ఇవాళే వాడారు అనేసరికి మంచం మీద కూలబడ్డాను. ఒక్క క్షణం, ఒక్కటంటే ఒక్క క్షణం, వీడు చావలేదు, ఎవత్తెనో పెట్టుకుని నాకు తెలియకుండా ఎక్కడో ఉన్నాడు అనుకున్నాను. సంతోషమేసింది నాకు. అర్థమవుతోందా? ఎవత్తెతోనైనా సరే."

ముక్కు చీదుకుని, తన ఫోను తీసింది. ఇంకా ఉంచింది దాన్ని. రెండు ఫోన్లూ పిండి బల్ల మీద పక్కపక్కన పెట్టారు. విల్ఫ్రీదో మూడు మొహాలూ, యుసేబియో మూడు మొహాలూ. అదే పొడుగు జుట్టు, అదే ఎర్రటి మరక, అదే అలుకు.

ఎనైదా ఒక తెరనీ ఇంకో తెరనీ మార్చి మార్చి చూసింది. తర్వాత, "నాకే ఎందుకొచ్చింది ఇది?" అంది. "వీధిలో ఇంతమంది ఉన్నారు. నేనేం అడగలేదే."

"నువ్వా ఏడుపుగొట్టు దాన్ని ఎన్నిసార్లు తిప్పి తిప్పి విన్నావో నేను చూళ్ళేదా? చేతులు పిండిలో పెట్టుకుని ఆపవు గదా. అది ఏమనుకుంటుంది? ఈవిడకిదే కావాలి, పెట్టండి అనుకుంటుంది. మా చెల్లెలు కుక్కపిల్లల వీడియో చూస్తూ చూస్తూ నిద్రపోయింది. పొద్దున లేచిన దగ్గర్నుంచీ దానికి కుక్కల తిండి అమ్ముతున్నారు. దానికి కుక్కేదీ?"

పిండి వల్లనే అని ఎనైదా పైకి అనలేదు. అనుకుంది. చేతికి పిండంటుకుని ఆపకపోతే, ఆ ఫోను తనని అనుమానం మనిషిగా లెక్కగట్టింది. లెక్కగట్టి, అలాగే తయారుచేసింది. ఒంట్లోంచి బరువు దిగినట్టయింది. కానీ అది ఎంతోసేపు నిలవలేదు. మోచేత్తో తోసినా వీడియో మారేది. ఒకటి రెండుసార్లు మోచెయ్యి ఎత్తింది కూడా. మళ్ళీ దించేసింది. వినాలనిపించింది కాబట్టే దించేసింది.

"మరి సొలెదాద్ అని ఎందుకు చెప్పాడు?" అంది.

"అదా," అంది తొమాసా, మళ్ళీ ఆకు అందుకుంటూ. "అది నీ ఫోనుకీ తెలీదు, నాకూ తెలీదు. వాణ్ణడుగు."

సాయంత్రం కాకముందే విల్ఫ్రీదో వచ్చాడు. సంచీ దింపలేదు. వంటింటి బల్ల ముందు కూర్చుని, ఫోను తీసి ఆమె వైపు జరిపాడు.

"ఇందులో ఎవరో కాపురం పెట్టారట," అన్నాడు. "సెంటర్లో ఫోన్లు రిపేరు చేసేవాడి దగ్గరికి వెళ్ళాను. వేడెక్కుతోంది చూడమంటే చూసి, దొంగకన్ను ఒకటి పెట్టారు మేస్త్రీ, మీరెక్కడికి పోయినా వాళ్ళకి తెలుస్తుంది అన్నాడు. ఎవరు పెట్టుంటారు అంటే, ఇలాంటివి ఇంట్లోవాళ్ళే పెడతారు అన్నాడు." ఆగాడు. "వాడితో గొడవపడ్డాను. మా ఇంట్లో అలాంటివాళ్ళు లేరన్నాను. జనం పోగయ్యారు."

ఎనైదా ఎదురుగా కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. గోళ్ళ సందుల్లో పిండి ఎండిపోయి ఉంది.

"నేనే," అంది.

అతను తల ఆడించాడు. తెలిసే వచ్చినట్టున్నాడు. ఆమె నోటంట వినడానికే ఆ కథంతా చెప్పినట్టున్నాడు.

"ఎప్పుడు?"

"గురువారం. నువ్వు స్నానం చేస్తుంటే."

"స్నానం చేస్తుంటే." అతను ఆ మాట మళ్ళీ అన్నాడు. "అడగాల్సింది నన్ను కదే. నేను అబద్ధం చెప్తానేమో, అది వేరు. అయినా అడగాల్సింది నన్నే."

"ఇప్పుడడుగుతున్నా. సొలెదాద్ అని ఎందుకు చెప్పావు?"

విల్ఫ్రీదో సంచీలోంచి పొడుచుకొచ్చిన రాగి గొట్టాన్ని వేలితో లోపలికి తోశాడు. అది మళ్ళీ బయటికొచ్చింది. మళ్ళీ తోశాడు.

"లూదిస్ గారి పేరు ఎత్తినప్పుడల్లా నీ మొహం మాడిపోతోంది. ఎందుకో నాకు తెలీదు. మొదట్లో వేళాకోళం చేశాను, నువ్వు నవ్వలేదు. తినేటప్పుడు పోలీసులా చూస్తున్నావు. పొద్దున్నే ఆ చూపు ఎవడు పడతాడని ఇంకో పేరు చెప్పాను. అంతే. చెప్పాక ఇలాంటి అబద్ధం నేనెందుకు ఆడుతున్నానా అని దారంతా అనుకున్నాను."

ఎనైదా విన్నది. అబద్ధం ఎక్కడ మొదలైందో ఆమెకి కనిపించింది. అది రెక్రెయోలో కాదు, ఈ వంటింట్లోనే, ఈ నూనె సీసా దగ్గరే పుట్టింది. కానీ నిజంగా అంతేనా? అంతే అయితే ఇంతసేపు గొట్టంతో ఎందుకు ఆడుకున్నాడు? అతని కళ్ళలోకి చూసింది. అలసిపోయిన కళ్ళు, అంతకన్నా ఏమీ తెలియలేదు. ఇంకో మనిషి కళ్ళలో అంతకన్నా తెలిసేది ఎప్పుడూ ఏమీ లేదేమో.

"రిపేరువాడి చేత తీయించేయలేకపోయావా?"

"పెట్టిన చేత్తోనే తీయాలి."

ఆమె ఫోను తెరిచింది. పై నుంచి కిందికి, పక్కకి. గీత మార్చలేదు. కన్ను ఎక్కడుందో వెతికి దాని మీద వేలు నొక్కిపెట్టింది. తెర ఎర్రబడింది. "నిజంగా తీసేస్తారా? తీసేసిన వారంలోనే చాలామంది ఆడవాళ్ళు మోసపోతారు." కింద పెద్ద అక్షరాలతో 'కాపలా కొనసాగించండి' అని ఉంది. 'తీసేయండి' ఎక్కడా కనబడలేదు.

"లేదు," అంది.

"ఉంటుంది. ఇలా తే." అతను కళ్ళజోడు పెట్టుకున్నాడు. ఇద్దరి తలలూ తెర మీదికి వంగాయి. అట్టడుగున, బూడిద రంగు మీద బూడిద రంగులో, చీమతలకాయంత అక్షరాలు ఉన్నాయి. నొక్కింది. ఎందుకు తీసేస్తున్నారని అడిగింది. నొక్కింది. ఒక నెల ఉచితంగా ఇస్తామంది. నొక్కింది. మూడు సంభాషణలు నాలుగయ్యాయంది.

"చూడు, మాట్లాడుకుంటూ ఉండగానే ఇంకొకతె వచ్చింది," అన్నాడు విల్ఫ్రీదో. గొంతులో నవ్వు లేదు గానీ, ఎప్పుడో ఒకప్పుడు వచ్చేలా ఉంది. ఆమె మళ్ళీ నొక్కింది. కన్ను పోయింది.

అతను లేచి ఫోను జేబులో వేసుకున్నాడు. ఆ రోజూ ఉయ్యాల మంచంలోనే పడుకున్నాడు. ఆదివారం అంతా ఇంట్లో గిన్నెల చప్పుడే తప్ప ఇంకేమీ లేదు. ఎనైదా ఫోనులో మాత్రం చాలామందే మాట్లాడారు. విరిగిన కాపురం అతికిస్తాం అన్నారు, వాడు తిరిగొచ్చే ప్రార్థన చెప్తాం అన్నారు. ఆమె దాన్ని తీసుకెళ్ళి బీరువాలో దుప్పట్ల కింద పెట్టింది. కాసేపయ్యాక మళ్ళీ తీసింది, ఎందుకు తీసిందో తనకే తెలియక మళ్ళీ పెట్టేసింది.

సోమవారం పొద్దున ఆమె పిండి పిసుకుతుంటే విల్ఫ్రీదో వచ్చి కాఫీ పోసుకున్నాడు. నిలబడే తాగాడు. గ్లాసు కడిగాడు. ఎక్కడికని ఆమె అడగలేదు. గడప దగ్గరికి వెళ్ళి అక్కడ ఆగాడు.

"రెక్రెయోకి," అన్నాడు. "లూదిస్ గారి ఫ్రీజరు విప్పినట్టే వదిలేసి వచ్చాను. రానిస్తారో లేదో తెలీదు. డబ్బులొద్దని చెప్పి చేసొస్తా."

పేరు వినగానే పిండిలో ఎనైదా వేళ్ళు బిగుసుకున్నాయి. బిగుసుకోకూడదని అనుకున్నా బిగుసుకున్నాయి.

"ఆగు," అంది. "నేనూ వస్తా."

అతను వెనక్కి తిరిగాడు. "కాపలాకా?"

"క్షమించమని అడగాలి ఆవిడని. వీధిలో అన్నదాన్ని వీధిలోనే అడగాలి."

విల్ఫ్రీదో ఆమె కళ్ళని చూశాడు, నోటిని చూశాడు, మళ్ళీ కళ్ళని చూశాడు. చెప్పిన మాట వెనకాల ఇంకో మాటేదైనా ఉందా అని, మెల్లిగా, పట్టిపట్టి చూశాడు. ఆ చూపు ఎనైదాకి తెలుసు. ఇన్ని వారాలుగా ఈ బల్ల దగ్గర కూర్చుని తను అతన్ని చూసిన చూపే అది. దాని కింద నిలబడితే మనిషికి ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసింది. ఏం చెప్పినా అబద్ధంలాగే వినబడుతుందనిపించి, ఇంకేమీ చెప్పకుండా చూడనిచ్చింది.

"చేతులు కడుక్కుని రా," అన్నాడతను చివరికి. "పిండి ఆరిపోతే పోనీ."

బయటికి వెళ్ళి మోటారుసైకిలు స్టార్టు చేసి, ఆమె వచ్చేదాకా ఆపకుండా ఉంచాడు.